ఆడవాళ్ల బెంచీల్లోంచి ఒక కేక

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఏదో పాత దెయ్యం సినిమా వస్తుంటే మనవరాలితో కలిసి కూర్చున్నాను. తెల్లచీర కట్టుకున్న మనిషి కొవ్వొత్తి పట్టుకుని మేడమెట్లు ఎక్కుతోంది. "తాతా, అంత గాలికి ఆ కొవ్వొత్తి ఆరిపోదేం?" అని మనవరాలు నవ్వింది. మెట్ల పైన తలుపు కిర్రుమని తెరుచుకునేసరికి నేను తెర వదిలేసి ఎడమవైపు గోడకేసి చూశాను. అలాంటి తలుపు తెరుచుకున్నప్పుడు ఆ పక్కనుంచి ఒక ఆడమనిషి కేక వినబడాలి. నా మటుకు నాకు యాభై ఏళ్లకు పైగా అదే లెక్క. ఆ కేకను ఆపించింది నేనే. పత్రికలో పదకొండు లైన్ల వార్త రాసి ఆపించాను.

అరవైల చివర్లో నేను పాతపట్నంలో మా మేనత్త ఇంట్లో ఉంటూ ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. నాకు ఇరవై రెండేళ్లు. ఊళ్లో వార్తలు తక్కువ, నాకు ఉత్సాహం ఎక్కువ. మావయ్య పంచాయతీ సమితి ఆఫీసులో గుమస్తా. మంచివాడే గానీ చప్పుడు గిట్టదు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ గిన్నె కింద పెట్టినా మెల్లిగా పెట్టాలి. రుబ్బురోలు కూడా ఆయన సైకిలెక్కి వెళ్లాకే తిరిగేది. పిల్లలు లేని ఇల్లు. అత్త కాళ్లకు పట్టీలు పెట్టుకోకపోవడం కూడా ఆయనకు చప్పుడు గిట్టకేనని నేను అనుకునేవాణ్ణి. ఆమె మాట పక్కగదిలోకి వినబడేది కాదు.

ఊరి చివర రేకుల షెడ్డులో సినిమాలు ఆడేవి. మ్యాట్నీకి తలుపులన్నిటికీ నల్లగుడ్డలు కట్టేవారు. అయినా రేకు చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా జనం నెత్తిన పడేది. ముందు నేల, వెనక బెంచీలు. ఎడమవైపు నిలువెత్తు గోడకు అవతల ఆడవాళ్లు. బొమ్మ వేసే మిషను ఒక్కటే కావడంతో ప్రతి రీలుకూ ఆట ఆగేది, దీపాలు వెలిగేవి, జీడిపప్పులమ్మేవాడూ సోడాలవాడూ లోపలికి దూరేవారు. ఆ ఏడు వేసవిలో వచ్చిన దెయ్యం సినిమా వారంలో వెళ్లిపోవలసింది, మూడువారాలు ఆడింది. పర్లాకిమిడి నుంచి తెలుగు ముక్క రాని ఒడియావాళ్లు కూడా వచ్చి మనతో సమానంగా వణికి వెళ్లేవారు.

నిజానికి అందులో వణకవలసినంత ఏమీ లేదు. "ఒరే, దెయ్యానికి పాదాలెనక్కి ఉంటాయి గదా, దీనికి తిన్నగున్నాయేటిరా?" అని నేలలోంచి ఒకడు అడిగేవాడు. "కొత్త దెయ్యవేమోరా, తిరగడానికి టైముపడతాది!" అని ఇంకొకడు. అంతా నవ్వేవారు. అలా నవ్వుతుండగానే మేడమీద తలుపు తెరుచుకునేది. లోపల ఖాళీ ఉయ్యాలకుర్చీ తనంతట తాను ఊగేది. సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి ఆ కేక వచ్చేది. పొట్టలోంచి లేచి, మధ్యలో విరిగి, మళ్లీ అందుకునే కేక. నవ్విన వాళ్లంతా చప్పబడిపోయేవారు. నేనూ బెంచీ అంచు పట్టుకునేవాణ్ణి.

రెండోసారి వెళ్లినా కేక అక్కడే వచ్చింది. మూడోసారీ అంతే. నాలో విలేకరి లేచాడు. ఆపరేటరుకు టీ ఇప్పించి అడిగాను.

"అది ఫిలింలోది కాదు బాబూ. మా మేనేజరు ఏర్పాటు. ఒకావిడ రోజూ వస్తాది. టిక్కెట్టడగరు, రెండో బెంచీ మూల ఆవిడకే. తలుపు తెరిసినప్పుడు అరవాల, అంతే."

"ఎవరావిడ?"

"నాకేటి తెలుసు? నాను మిషను కాడుంటాను గదా."

ఆ రాత్రే రాసి పంపాను. 'సినిమాహాలులో కిరాయి కేక' అని శీర్షిక. ప్రేక్షకులను భయపెట్టుటకు ఒక మహిళచేత దొంగకేకలు వేయించుచున్నారని, ఇది తగదని.

పత్రిక చిన్నరైల్లో మధ్యాహ్నానికి వచ్చేది. నా వార్త పడిన రోజు సాయంత్రం మావయ్య దాన్ని ఆఫీసు నుంచి తెచ్చి, భోజనాల దగ్గర పైకి చదివాడు. "బాగా రాసినావోయ్. ఎవరింటి ఆడదో గానీ, నలుగురిలో అలా అరవడానికి సిగ్గుండాల!" అన్నాడు. అత్త ఆయన విస్తరి దగ్గరకు వంగి, "మజ్జిగ పొయ్యనా?" అని అడిగింది. నాకూ పోసింది.

మర్నాడు మ్యాట్నీకి వెళ్లాను, నా వార్త ప్రతాపం చూసుకుందామని. తలుపు తెరుచుకోబోతుండగానే నేలవాళ్లంతా తల తిప్పి ఆడవాళ్లవైపు చూశారు. అటునుంచి ఏమీ రాలేదు. ఎవడో కుర్రాడు ఆడగొంతు పెట్టి అరిచాడు. హాలంతా పకపకలు. ఆ తర్వాత ఉయ్యాలకుర్చీ ఎంత ఊగినా ఎవరూ భయపడలేదు. పాపం, ఒడియావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నాలుగు రోజులకు, ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చించే ముసలామె మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. అత్త నూతి దగ్గర ఉంది. ముసలామెకు నేను ఎదురుపడ్డాను.

"అమ్మకి ఒంట్లో బాగులేదేటి బాబూ? నాల్రోజులై రాలేదు. రేపటితో సినిమా ఎత్తెస్తన్నారు, సెప్దావని వచ్చినాను. ఆ మూల ఎవర్నీ కూకోనివ్వలేదు నాను."

ఏడాదిగా అత్త చేతి అన్నం తింటున్నాను. మూడుసార్లు చెవులు రిక్కించి ఆ కేక విన్నాను. పోల్చుకోలేకపోయాను. పోల్చుకోవడానికి ఆమె గొంతు పెద్దగా వినబడిన రోజు ఒక్కటైనా ఉండాలి కదా.

ఆ సాయంత్రం ఆమె వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "అత్తా, నువ్వని నాకు తెలీదు" అన్నాను.

"నేను కాపోతే రాసీవచ్చా?" అంది. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టు. ఆమే అందుకుంది.

"మొదట్రోజు టిక్కెట్టు కొనుక్కునే వెళ్లేన్రా. ఆ తలుపు తెరుసుకోగానే అరుపొచ్చెసినాది. మేనేజరు పిలిస్తే తిడతాడనుకున్నాను. రేపు కూడా రండమ్మా అన్నాడు." కాసేపు పిక్కలు తీసింది. "కిరాయన్నావు, సరే. ఊరికే కూకోబెట్టినారు మరి. దొంగకేకన్నావు సూడు, అది మాత్రం తప్పు. తలుపు తెరుసుకుంటాదని తెలుసు, కుర్చీ ఊగుతాదని తెలుసు. అయినా రోజూ నిజంగానే వచ్చేది. అరిసొచ్చి పొయ్యి ముట్టించుకుంటే ఒళ్లంతా తేలిగ్గుండేది."

"రేపు ఆఖరాట. నేను తీసుకెళ్తాను, రా."

"ఇప్పుడెళ్లి అరిస్తే నవ్వుతారు. అరవకండా కూకోడానికైతే ఇల్లే ఉన్నాది గదరా."

తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "పోనీ, ఆఖర్నేటయినాదో సెప్పు. ఆ మేడలో ఉన్నాదెవరు?" అంది.

"నువ్వు చూళ్లేదా?"

"ఎలా సూస్తాను? అయిదున్నరకి మీ మావ వచ్చెస్తాడు. ఆఖరి రీలు ఎక్కించినప్పుడు దీపాలేస్తారు సూడు, అప్పుడు లేచొచ్చెసేదాన్ని."

ఆ రోజుల్లో దెయ్యం సినిమాలన్నిటికీ ఒకటే ముగింపు. ఆ మేడలో ఉన్నది ఆస్తి కాజెయ్యడానికి తెల్లచీర చుట్టుకున్న దివాను. మీసం కూడా ఉంది. చెబుదామని నోరు తెరిచాను. వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అత్త చింతపండు బుట్ట చంకన పెట్టుకుని లేచింది. "తర్వాత సెప్దువులే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారం సిగ్గేసి చెప్పలేదు. ఆ తర్వాత, రెండువారాలకు పైగా ఆమెను అంతలా అరిపించింది మీసాలున్న దివాను అని చెప్పడానికి మనసొప్పలేదు. ఆపైన నాకు విజయనగరంలో ఉద్యోగమైంది, పెళ్లయింది. పత్రికలో ముప్ఫై ఏళ్లు పనిచేసి ఇంటిపేర్లు తప్పినందుకూ, ఊళ్లు తారుమారైనందుకూ లెక్కలేనన్ని సవరణలు వేయించాను. ఆ 'దొంగ' అన్న ఒక్క మాటకు వేయించలేదు. పత్రికలో ప్రతిదానికీ ఒక గడువుంటుంది. ఇంట్లోవాళ్లతో అనుకునే 'తర్వాత'కు గడువుండదు, అందుకే అది అలా జరుగుతూ పోతుంది. అత్త ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా బతికింది. వెళ్లినప్పుడల్లా వసారాలో ఆమె పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ మేడలో ఉన్నది ఎవరో నేను చెప్పలేదు. ఆమె మళ్లీ అడగలేదు.