మంచు మాట విన్న అత్తమ్మ

పోయిన వారం ఒకరోజు పొద్దున ట్రామ్ ఎక్కుతుండగా కరీంనగర్ నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అవ్వ పోయిందే. ఛాయ్ తాగి, గట్లనే కుర్చీల ఒరిగింది," అన్నారు. అవ్వ అంటే ఆయన అమ్మ, నా అత్తమ్మ. సాయంత్రమే సమాధి చేస్తారు. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న నేను ఎంత తొందరపడ్డా అందుకోలేను.

ఇక్కడ నా రోజంతా పరుగే. పొద్దున చెరువుల మీది మంచు గురించి పరిశోధన, మధ్యాహ్నం మొదటి ఏడాది పిల్లలకు పాఠం, తర్వాత వాళ్ల పేపర్లు దిద్దడం. ఈ పనుల మధ్య ట్రామ్‌లో దొరికే కాస్త సమయం అత్తమ్మ ఫోన్‌ది. తిన్నావా అని అడిగేది కాదు. "ఇయ్యాల కొత్తగ ఏం తెలిసింది బిడ్డా?" అనేది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కోడలిని అంత దూరం ఎందుకు పంపావని చర్చిలో ఎవరో అంటే, "పోవుడు అదొక్కతే పోయింది. తెలుసుకునుడు ఇద్దరం తెలుసుకుంటున్నం," అందట.

మొదటి చలికాలం నాకు పాఠం చెప్పడం చేతకాలేదు. పిల్లలు నోరు విప్పేవారు కాదు. ఆ పని వదులుకుంటే, దాని జీతం మీద నడిచే చదువూ ఆగిపోతుంది. అయినా వదిలేద్దామనే అనుకున్నాను. అత్తమ్మ ఓదార్చలేదు. "గా పిల్లలకు ఏం జెప్పినవో నాకు జెప్పు," అంది.

మంచు నీళ్ల మీద తేలుతుందని, అందుకే దాని కింద చేపలు బతుకుతాయని చెప్పాను.

"రాయి మునుగుతది గదా. గడ్డకట్టిన నీళ్లెందుకు మునుగయి?"

"గడ్డకడితే నీళ్లు ఉబ్బుతయ్ అత్తమ్మా. గందుకే తేలుతయ్."

"నీకెట్ల ఎరుక?"

"పుస్తకంల ఉంది."

"పుస్తకం రాసినాయన జూసిండేమో. నువ్వు జూసినవా?"

మర్నాడు ఆమే ఒక ఫోటో పంపింది. గాజు సీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి ఫ్రిజ్ పై అరలో పెట్టిందట. సీసా పగిలి మంచు బయటికి పొడుచుకొచ్చింది. "ఫ్రిజ్ ఖరాబైతదని మావోడు పరేషాన్ అయితుండు. నువ్వైతే నిజమే జెప్పినవు!" అని ఒకటే నవ్వు.

ఆ ఫోటో క్లాసులో చూపించి, "ఇదెలా జరిగింది?" అని మాత్రం అడిగాను. ఎప్పుడూ కిటికీ వైపు చూస్తూ కూర్చునే అమ్మాయి ముందుగా మాట్లాడింది. ఇంకొకతను కాదన్నాడు. గంట అయిపోయినా ఎవరూ లేవలేదు. ఆ పని నేను వదల్లేదు.

కబురు తెలిసిన రోజు సెలవు పెట్టమన్నారు. క్లాసుకే వెళ్లాను. గదిలో కూర్చుంటే మోగని ఫోన్‌ని చూస్తూ ఉండాలి.

పోయిన మార్చిలో ఒకరోజు గడ్డకట్టిన చెరువు మీద నిలబడి ఆమెతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. ఎండ తగిలి మంచు లోలోపల మూలిగింది. "గా సప్పుడేంది?" అంది. ఫోన్‌ని మంచుకు ఆనించాను. అక్కడేమో ఎండ మండిపోతోంది. సరిగా వినబడటం లేదని ఫ్యాన్ బంద్ చేసింది. నేను మోకాళ్ల మీద వంగి తెరలోకి చూశాను. తెర నిండా ఆమె చెవే ఉంది. దాని పక్కనుంచి ఒక చెమట చుక్క మెల్లగా జారుతోంది. తుడుచుకోకుండా వింటోంది.