మా గురుసామి ఇక్కడే ఉన్నాడు

ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఏళ్ళయింది. మింగలేను, కక్కలేను. ఈ రోజు మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది.

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. ఇళ్ళల్లో తెలుగే మాట్లాడతాం గానీ దాన్ని చదవడం ఎవరికీ రాదు. కుర్రతనంలో తిరుపతిలో ఒక బట్టల కొట్లో పనిచేస్తూ నేను నేర్చుకున్నాను. మా ఊళ్ళో ఎవరూ చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకుంటే అది ఒప్పుకోవడమేనా? పిరికితనం. తెలిసే రాస్తున్నాను.

మా తాత పేరు గురుసామి. మా వైపు తాత పేరు పెద్ద మనవడికి పెట్టాలి కాబట్టి మా అన్న కూడా గురుసామే. మా పొలంలో పనిచేసే మనిషి పేరూ అదే. కానీ కోడలు మామ పేరు నోట పలకకూడదు. అందుకని అమ్మ తన కొడుకుని ‘పెద్దోడా’ అని పిలుచుకుంది, ఎద్దులు తోలడానికి వచ్చిన ఆ మనిషికి నల్లయ్య అని కొత్త పేరు పెట్టింది. అతను నవ్వి ఊరుకున్నాడట. ఊరుకోక ఏం చేస్తాడు? కొన్నాళ్ళకి ఊరంతా నల్లయ్య అనే అంది. అసలు పేరుతో అతన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. అయితే ఆ పేరు నాకు తెలుసు. ఓట్ల రోజున అతని చీటీ చదివి పెట్టింది నేనే. తెలియదని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ రోజు కళ్ళంలో మిరపకాయలు ఎండుతున్నాయి. మబ్బు కమ్ముకొస్తోంది. చెల్లెల్ని చూడడానికి విరుదునగర్ వెళ్ళొస్తానని నల్లయ్య అమ్మతో చెప్పి పొద్దున్నే బస్సెక్కాడు. నాకు చెప్పలేదు. మధ్యాహ్నం అన్నా నేనూ అన్నానికి కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. ఎడం చేత్తో ఎత్తాను. విరుదునగర్ ఆస్పత్రి నుంచి ఒక నర్సు, తమిళంలో మాట్లాడుతోంది.

“గురుసామి మీ మనిషేనా సార్? బస్టాండు ముందు బండి గుద్దింది. ఈ నంబరు ఆయనే చెప్పారు.”

ఎదురుగా అన్న మజ్జిగ పోసుకుంటున్నాడు. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. “మా గురుసామి ఇక్కడే ఉన్నాడమ్మా, అన్నం తింటున్నాడు. నంబరు తప్పు” అని పెట్టేశాను.

“ఎవురా అది?” అన్నాడు అన్న.

“రాంగ్ నంబర్.”

ఇక్కడి దాకా పొరపాటే. ఇక్కడితో ఆగిపోయి ఉంటే మీకు ఇదంతా రాసేవాణ్ణి కాదు. ఫోన్ కింద పెట్టి ముద్ద కలుపుతుంటే తట్టింది. నల్లయ్య. నల్లయ్య పేరు కూడా గురుసామే కదా, పొద్దున్నుంచీ కళ్ళంలో కనబడలేదు కదా అని. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆ నంబరు ఫోన్‌లోనే ఉంది, ఒక్కసారి నొక్కితే చాలు. ఎందుకు నొక్కలేదు? వాన వచ్చేలా ఉంది, కాయ తడిస్తే ఏడాది కష్టం పోతుంది. నిజమే. ఇప్పుడే కసురుకున్న పిల్లకి మళ్ళీ చేసి, మా మనిషేనని చెప్పాలంటే సిగ్గు. అదీ నిజమే. కానీ వాటి అడుగున ఇంకొకటుంది, అది రాయడానికే ఇంత తిరుగుతున్నాను. మా అన్నకి దెబ్బ తగిలితే అన్నం వదిలేసి పరిగెత్తేవాణ్ణి. నల్లయ్య కదా, చూసుకునే వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారులే అనుకున్నాను. అనుకుని, లేచి చెయ్యి కడుక్కుని, కాయ ఎత్తడానికి వెళ్ళాను. వాన కూడా రాలేదు.

దీపాలు పెట్టే వేళకి అతని భార్య ముత్తమ్మ వాకిట్లోకి వచ్చింది.

“ఆయప్ప ఇంకా రాలే సామీ. ఫోను కూడా పోవల్లే.”

“బస్సు దొరికుండదు. వస్తాడులే, పో.”

రెండోసారి తప్పు చెయ్యడం ఎంత తేలికో ఆ సాయంత్రం తెలిసింది.

తెల్లవార్లూ కన్ను మూతపడలేదు. పొద్దున నేనే ముత్తమ్మ గుడిసె దగ్గరికి వెళ్ళి, ఏదో అప్పుడే తోచినట్టు, విరుదునగర్ ఆస్పత్రిలో ఒకసారి చూసొద్దాం రమ్మన్నాను. వ్యాన్ మాట్లాడాను. కోవిల్‌పట్టిలో టీకి ఆపితే ఆమె తాగలేదు. సాత్తూరు దాటే దాకా చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కాళ్ళు పోయినా ఫర్వాలేదు, మనిషి ఉంటే చాలు, కూర్చోబెట్టి సాకుతాను అంది. నేను తలూపాను.

మనిషి లేడు. తెల్లవారుజామున పోయాడు. శవాన్ని చూపించే ముందు ఒక నర్సు పేరు అడిగింది. ముత్తమ్మ పెదవులు కదిపింది. మొగుడి పేరు ఆమె ఏనాడూ పలికి ఎరగదు. అప్పుడు కూడా నోరు రాలేదు. నా వైపు తిరిగింది.

“నేనెట్ల చెప్పేది సామీ. మీరే చెప్పండా.”

“గురుసామి” అన్నాను.

ఆ నర్సు తలెత్తి నన్ను చూసింది. ముత్తమ్మని లోపలికి పంపి మెల్లగా చెప్పింది. “పాపం, ఆయన చెప్పిన నంబరుకి నేనే చేశాను. మా గురుసామి ఇక్కడే ఉన్నాడు, అన్నం తింటున్నాడు అన్నారు. అదే ఆయనకి చెప్పి, వేరే నంబరు ఏదైనా ఉందా అని అడిగాను. ఇంక వద్దులేమ్మా అన్నారు.”

గొంతు గుర్తుపట్టిందా? ఇప్పటికీ తెలియదు. లోపల ముత్తమ్మ ఏడుపు మొదలైంది.

అంటే అతను విన్నాడు. నా మాట నా మాటగానే అతనికి చేరింది. అది అన్నది నేనేనని అతనికి తెలియకుండా ఉంటుందా? అన్నం తింటున్న గురుసామి ఎవరో అతనికి తెలియదా? కోపం వచ్చిందో, బాధ పడ్డాడో, లేక మమ్మల్ని ఎరిగినవాడు కాబట్టి ఇంతేలే అనుకున్నాడో. రాత్రంతా ఆ మంచం మీద ఏమనుకుంటూ ఉన్నాడు? అడగడానికి మనిషి లేడు.

ఇప్పుడు ముత్తమ్మకి చూపు ఆనదు. ఎవరు కనబడినా ఒకటే చెబుతుంది. “సామి పోయి ఎతక్కపోతే ఆయప్ప దిక్కులేని పీనుగయ్యుండు” అని. నేను ఎదురుగా ఉంటే దణ్ణం పెడుతుంది. ఆ చేతులు పట్టుకుని చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. చెబితే ఆమెకి మిగిలేది ఏమిటి? ఇది ఆమె మీద దయా, నా మీద నాకున్న దయా? తేల్చుకోలేకపోయాను. దణ్ణం తీసుకుని వచ్చేస్తుంటాను.

ఇది రాశాక ఛాతీ కాస్త తేలికపడింది. తేలికపడినందుకూ సిగ్గుగానే ఉంది. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆ మధ్యాహ్నం ఆ నర్సు అడిగింది ఒకే ప్రశ్న. దానికి జవాబు ఇక్కడైనా రాయనివ్వండి.

అవునమ్మా, మా మనిషే. పేరు గురుసామి.