పల్లీ మడికి కట్టిన చీరలు

అత్తమ్మ పల్లీలు విత్తిన పదిహేను రోజులకు కుందేళ్లు మొదటి రెండు సాళ్లు తినేశాయి. అప్పుడప్పుడే ఆకులు విప్పిన మొలకల్ని కత్తెర పెట్టినట్టు కొరికేసి, మధ్యలో నల్లటి పెంటికలు వదిలి వెళ్లాయి. అత్తమ్మ వాటిని అరచేతిలోకి తీసుకుని చూసి, "చెవులపిల్లి. ఒకటి కాదు, జంట తిరుగుతున్నయి" అంది. ఆమె గొంతులో కోపం కంటే పాత పరిచయమే ఎక్కువ వినిపించింది నాకు.

ఆ మడి సూరత్‌లో డిండోలి దగ్గర రైలు పట్టాల పక్కన ఉండేది. మా ఆయన రైల్వేలో పట్టాలు చూసుకునే ఉద్యోగి. ఖాళీగా పడి ఉన్న రైల్వే నేలను కూరగాయలు పండించుకోవడానికి సిబ్బందికి ఏడాదికోసారి రాసిస్తారు. పాలమూరు నుంచి మా దగ్గరకు వచ్చిన అత్తమ్మకు రెండు గదుల క్వార్టర్‌లో ఊపిరి ఆడేది కాదు. మడి చేతికొచ్చాక ఆమె మనిషి మారింది. పొద్దున్నే మా పాపను చంకన వేసుకుని వెళ్లిపోయేది. ఆ రెండు గంటలు నేను ఇంట్లో కూర్చుని పిల్లలకు ఫోన్‌లో లెక్కలు చెప్పేదాన్ని. పాపకు అప్పటికి ఏడాదిన్నర. కాలు నిలవని వయసు. నేలమీద ఏది కనిపించినా ముందు నోట్లోకే పోతుంది.

మొలకలు పోయిన మూడో రోజు ఆదివారం. నేనూ మడికి వెళ్లాను. సర్కారు తుమ్మ పొదల నుంచి కుందేళ్లు వచ్చే సందులో అత్తమ్మ పాత సైకిలు బ్రేకు తీగతో ఉచ్చు పెట్టి ఉంది. నేలకు జానెడు ఎత్తున, గడ్డిలో కలిసిపోయింది. పాప దాని వైపే నడుస్తోంది. నేను అరిచిన అరుపుకు పక్క మడిలో నీళ్లు పెడుతున్న గుజరాతీ కాకా చేతిలో పైపు వదిలేశాడు.

"మా నాయిన గిట్లనే పట్టెటోడు. ఏమైతది బిడ్డా, నేను లేనా?" అంది అత్తమ్మ.

"పాప కాలు ఇరుక్కుంటే? మెడకు పడితే?"

"ఏందమ్మా నీ మాటలు! చెవులపిల్లి సుత నీ అంత బెదరదు."

ఇంటికొచ్చాక మా ఆయన కూడా తీసేయమన్నాడు. కుందేలును పట్టడం నేరమనీ, కేసవుతుందనీ చెప్పాడు. అత్తమ్మ తీగ విప్పి మొలకు చుట్టుకుంది.

తర్వాత వెంట్రుకలు తెచ్చింది. మంగలి దుకాణంలో ఊడ్చి పెట్టిన వెంట్రుకలు గోనెసంచి నిండా మోసుకొచ్చి గట్టు పొడవునా చల్లింది. కుందేలు మూతి నేలకు ఆనించి వాసన చూస్తూ వస్తుంది, వెంట్రుకలు ముక్కులోకి పోతే తుమ్ముకుంటూ వెనక్కి తిరుగుతుంది అని చెప్పింది. నిజంగానే నాలుగు రోజులు ఒక్క మొలకా పోలేదు. ఐదో రోజు పాపకు అన్నం పెడుతుంటే పొలమారింది. నోట్లో వేలు పెట్టి తీస్తే ఎవరిదో నెరిసిన వెంట్రుక, నా వేలంత పొడవుంది. ఆ రాత్రి పాప ఎన్నిసార్లు దగ్గిందో అన్నిసార్లూ లేచి కూర్చున్నాను. తెల్లారి, వెంట్రుకలు ఊడ్చేస్తే తప్ప పాపను పంపనని చెప్పేశాను.

"ఇంకేం జెయ్యాలె మరి? కుళ్లిన గుడ్లు కలిపి కొడ్తనంటె వాసనంటవు. కుక్కను కట్టేస్తనంటె కరుస్తదంటవు. చెవులపిల్లిని పిలిచి బువ్వ పెట్టుమంటవా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కాసేపటికి ఆమే మెత్తబడి, తమ వైపు చేను చుట్టూ పాత చీరలు కడతారని చెప్పింది. రంగులు కదులుతుంటే, గాలికి గుడ్డ కొట్టుకుంటుంటే మనిషి ఉన్నాడనుకుని కుందేళ్లు, పందులు కూడా దగ్గరికి రావట. నాకు ప్రాణం లేచొచ్చింది. చీర పాపను ఏం చేస్తుంది? పైగా సూరత్‌లో చీరలకు కరువా? అచ్చు తప్పినవి, అంచు చిరిగినవి ఇక్కడ కిలోల లెక్కన అమ్ముతారు. సాయంత్రం మా ఆయన ఒక మూట తెచ్చి గుమ్మంలో పడేశాడు. అన్నీ ఒకే పువ్వుల అచ్చు, రంగులే వేరు.

మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి కట్టాం. అత్తమ్మ వెదురు కర్రలు పాతితే నేను చీరలు చుట్టాను. మూడు వైపులా పచ్చ, నీలం, పసుపు పడ్డాయి. పట్టాల వైపు ఒక చీర తక్కువైంది. మూట అడుగున ఉన్నది లాగాను. ఎర్రటిది. ఎండలో తళతళలాడింది. ఈ ఒక్కటైనా బాగున్నది దొరికిందనుకుని మురిసిపోయాను కూడా.

"కొంగు ఇడిసిపెట్టు. అది ఎగురుతుంటెనే అవి బెదురుతయి" అంది అత్తమ్మ.

వదిలేశాను. పైకి ఎత్తి, పొడవుగా, గాలికి ఎగిరేలా వదిలేశాను. డిగ్రీ చదివాను. నాలుగేళ్లుగా రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నాను. మా ఆయన రోజూ పనికి పట్టుకెళ్లే సంచిలో ఎర్రజెండా ఉంటుంది, దాన్ని ఎన్నోసార్లు ఉతికి ఆరేశాను. అయినా ఆ పూట నా బుర్రలో ఉన్నది ఒక్కటే: పాప ఇక ఎక్కడ నడిచినా ఫరవాలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున గాలి బాగా వీచింది. ఒక కర్ర ఒరిగి, చీర పట్టాల వైపు బారుగా విచ్చుకుంది. అక్కడ పట్టాలకు మలుపు ఉంది. మలుపు తిరుగుతున్న గూడ్సు డ్రైవరుకు దూరంగా ఎవరో ఎర్రజెండా ఊపుతున్నట్టే కనిపించింది. బండి ఆపేశాడు. వెనక వస్తున్న ప్యాసింజరు కూడా ఆగిపోయింది. ఆ పూట పట్టాల ఆ భాగాన్ని చూసే పనిలో ఉన్నది మా ఆయనే. ఏముందో చూడమని పై అధికారి ఫోన్ చేస్తే పరిగెత్తి వెళ్లి, ఆ పువ్వుల అచ్చును గుర్తుపట్టాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా, "ఎవరు కట్టిన్రు?" అని అడిగాడు.

నేను చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. తలుపు వేసి మెల్లగా అన్నాడు: "రేపు విచారణకు వస్తరు. ఎక్కడి నుంచో గాలికి కొట్టుకొచ్చిందని చెప్దాం. సూరత్‌ల చీరలు ఎగిరి రావా? మీరిద్దరూ ఏం తెల్వదనండి."

"అబద్ధమని తేలితే?" అన్నాను.

"తేలితే నౌకరీ పోతది. నిజం చెప్పినా పోవచ్చు."

ఆ రోజు వంట చేస్తూ రెండుసార్లు ఉప్పు వేశాను. ఉద్యోగం పోతే క్వార్టర్ పోతుంది. ఎక్కడికి వెళ్తాం, పాపకు టీకాలు ఎక్కడ వేయిస్తాం అని పనికిరాని ఆలోచనలు. అసలు ఆ బండి అంత హఠాత్తుగా ఆగినప్పుడు ఎవరికైనా ఏదైనా అయి ఉంటే? ఎవరికీ ఏమీ కాలేదని మా ఆయన మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి అడగలేదు కానీ నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరు వచ్చారు. ఒకరు మా ఆయన పై అధికారి, ఇంకొకరు రైల్వే పోలీసు. మమ్మల్ని మడి దగ్గరకు రమ్మన్నారు. మిగతా మూడు వైపులా అదే అచ్చు చీరలు గాలికి ఊగుతున్నాయి. గాలికి కొట్టుకొచ్చిందన్న మాట మా ఆయన నోట్లోనే ఆగిపోయింది.

"యే కిస్‌నే బాంధా?" అని అడిగాడు పోలీసు. ఎవరు కట్టారని.

నేను పాపను ఎత్తుకుని నిలబడి ఉన్నాను. అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

"మై బాంధీ సాబ్. నేనే. ముసల్దాన్ని, కండ్లు సక్కగ కనబడయి. నాకేం ఎరుక, ఎరుపో పసుపో!"

ఆమెకు సూదిలో దారం ఎక్కించగలిగే చూపుంది. మా ఆయన తల దించుకున్నాడు. పోలీసు కాగితం మీద ఏదో రాసి, వేలిముద్ర వేయమని సిరా డబ్బా తీశాడు. అత్తమ్మ వెనక్కి తిరిగి నాకేసి ఒక్క చూపు చూసింది. నువ్వు ఊరుకో అన్నట్టు. ఆమె బొటనవేలు సిరాలో మునగడం చూశాక నా లోపల ఏదో తెగింది. ఉచ్చు తీయించింది నేను, వెంట్రుకలు ఊడ్పించింది నేను, ఆ కొంగు వదిలింది నా చెయ్యి.

"నై సాబ్, మైనే బాంధీ" అన్నాను. నా హిందీ వణికింది. పిల్ల కోసం ఉచ్చులు వద్దన్న దగ్గర నుంచి అన్నీ చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. నన్ను చూసి పాపా ఏడ్చింది.

అధికారి మడి చుట్టూ ఒకసారి తిరిగి, కుందేళ్లు కొరికిన సాళ్ల దగ్గర ఆగి చూశాడు. అత్తమ్మ పేరు మీద రాసిన కాగితం చింపేసి, కొత్త కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన మా ఆయనతో అన్న మాట నాకు వినపడింది: "నువ్వు మొదట చెప్పి ఉంటే సగం పని తప్పేది."

పది రోజులు నిద్ర లేదు. పదకొండో రోజు హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం ఉంది. మడి రద్దయింది. పదిహేను రోజుల్లో ఖాళీ చేయమన్నారు.

పల్లీలు ఇంకా ముదరలేదు. అయినా గడువు చివరి రోజున అత్తమ్మ పీకింది. లోపల గింజలు పాలు కారుతున్నాయి. ఉప్పు వేసి ఉడకబెట్టి, ఒక గిన్నె పక్క మడి కాకాకు పంపింది. నా ముందు కూర్చుని ఒలుస్తూ, "నేను ఏసుకుంటనంటె ఏసుకోనియ్యవైతివి. ముసల్దాన్ని, నన్నేం జేస్తురు?" అని గొణిగింది. ఒలిచిన గింజలు నా దోసిట్లో పోసింది.

ఇప్పటికీ ఆ వైపు నుంచి బండి నెమ్మదించిన చప్పుడైతే నా చేతిలో పని ఆగిపోతుంది. మా వెనక వరండా పట్టాల వైపే ఉంటుంది. అక్కడ ఎర్ర బట్ట ఏదీ ఆరేయను. పాపకు ఎరుపంటే ఇష్టం, ఈ మధ్య కొన్న ఎర్ర గౌనే కావాలని రోజూ మారాం చేస్తుంది. పాప నిద్రపోయాక దాన్ని ఉతికి, ఇంట్లో ఫ్యాను కింద కుర్చీ మీద ఆరేసి ఇది రాస్తున్నాను. పొద్దుటికల్లా ఆరుతుందో లేదో.