లోపలి కంప్యూటర్‌ని లేపిన రోజు

మొదలే చెప్తున్న, నాకు మంచిగ రాయరాదు. ఐదో తరగతి దాంకనే చదివిన. ఒత్తు ఎక్కడ పెట్టాలె, దీర్ఘం ఎక్కడ ఇయ్యాలె అని ఇప్పటికీ ఆగి ఆలోచిస్త. పెండ్లి కార్డుల మాటలైతే చూడకుండ టైపు కొడ్త గాని, సొంతంగ నాలుగు ముక్కలు రాయాలంటే ఎక్కడ మొదలువెట్టాలెనో తెల్వది. మా బిడ్డ "అమ్మా, నాకు చెప్పినట్లే రాయి, నీకెవరు పరీక్ష పెడ్తలేరు" అంటే ధైర్యం చేసి కూసున్న. తప్పులుంటె నవ్వుకోండ్రి గాని మధ్యల ఆపకండ్రి.

మాది ఉప్పుగూడ. స్టేషన్ వెనక గల్లీల ముందర అర్రల దుకాణం, వెనక అర్రల కాపురం. మా ఆయన పెండ్లి కార్డులు కంప్యూటర్ల కూర్చి ఇస్తుండె. అచ్చు చత్తాబజార్ల కొట్టిస్తం. కాయితం అఫ్జల్‌గంజ్ నుంచి నేనే బస్సుల పెట్టుకోని తెచ్చేదాన్ని. మడత పెట్టుడు, కవర్ల ఏసుడు నా పని. కంప్యూటర్‌ని తుడుస్తుంటి గాని ముట్టుకోకపోతుంటి.

మా మొదటి కంప్యూటర్ తొంభైలల్ల సెకండ్‌హ్యాండ్‌ది కొన్నం. అందుల తెలుగు అక్షరాల ప్రోగ్రాం ఒకటి ఉండె. ఆ అక్షరాలు ఎంత ముద్దుగుండేనో, "గా కార్డు అసుంటియే కావాలె" అని అడిగి మరీ వచ్చేటోళ్లు. కొన్నేండ్లకు ఆ కంప్యూటర్ ఖరాబైంది. కొత్తది కొంటె, దాంట్ల ఆ అక్షరాల ప్రోగ్రాం ఎక్కలే. మా ఆయన అన్నం కూడ సరిగ్గ తినలే.

గప్పుడు సంతోష్‌నగర్ల కంప్యూటర్లు బాగుచేసే భాయ్‌ని పిలిపించినం. ఆయన కొత్త కంప్యూటర్ల ఇంకో ప్రోగ్రాం ఏసి, దాని లోపల మా పాత కంప్యూటర్‌ని మొత్తం కూసోబెట్టిండు. తెర మీద ఒక కిటికీ తెరిస్తే చాలు, అందుల మా పాత తెర, పాత బొమ్మలు, పాత అక్షరాలు. నేను నోరు తెరుచుకోని చూసిన.

"ఇది నిజం కంప్యూటర్ కాదు భాభీ, ఉత్త అనుకునుడే" అన్నడు భాయ్. "కాని అది ఉత్తదని దానికి తెల్వది. నేనే అసలు కంప్యూటర్‌ని అనుకుంట పనిచేస్తది."

"నేను మా ఇంట్ల మాలిక్‌ని అనుకుంట పనిచేస్తలేనా, గట్లనే" అన్నడు మా ఆయన. భాయ్ చాయ్ ఒలకపోసుకున్నడు నవ్వి నవ్వి.

ఆ లోపలి కంప్యూటర్‌ని మేము ఎప్పుడూ బంద్ చెయ్యకపోతుంటిమి. పండబెడ్తుంటిమి. దానికి ఒక బటన్ ఉంటది. అది నొక్కితే ఎక్కడిదక్కడ ఆగిపోయి నిద్రపోతది. తెల్లారి లేపితే సగం రాసిన మాట సగంలనే ఉంటది, పక్కన ఆ చిన్న గీత మెరుసుకుంట ఉంటది. కరెంటు ఎప్పుడు పోతదో తెల్వని గల్లీ మాది, బ్యాటరీ డబ్బా జరసేపే ఆపుతది. అందుకని పొద్దుగూకంగనే మా ఆయన వెనక అర్రల ఉన్న నాకు కేకేసేటోడు, "ఓ పిల్లా, నేను ముఖం కడుక్కుంట, దాన్ని పండబెట్టు." ఆ బటన్ ఒక్కటి నాకు, మా బిడ్డకు నేర్పిండు.

ఒకరోజు పగటీలి ఆయన కార్డు కొడ్తుండె. నేను పక్కన కవర్లు సర్దుతున్న. టకటక చప్పుడు ఆగింది. చూస్తె కుడిచెయ్యి కీబోర్డు మీదికెళ్లి జారి ఒళ్లె పడ్డది. నవ్వులాటకు పరాష్కం చేస్తుండనుకున్న. "ఏందయ్యా నిద్రొచ్చిందా" అన్న. మూతి వంకర పోయింది, మాట రాలే. ఆటోల ఏసుకోని దవాఖానకు ఉరికినం. పోయేటప్పుడు మా బిడ్డ ఏడ్సుకుంటనే అలవాటు మీద ఆ బటన్ నొక్కొచ్చింది.

పానం దక్కింది. కాని కుడిపక్క పడిపోయింది. మాటలు కూడ ఒకటి రెండే వచ్చేటియి.

ఆ కార్డు వాళ్లు ఇంకోకాడ కొట్టించుకున్నరు. ఇల్లు గడవాలె గదా, నేనే కంప్యూటర్ ముందర కూసున్న. లోపలిదాన్ని లేపంగనే ఆయన ఆపిన పేజీ వచ్చింది. "సకుటుంబ సపరివార సమేతంగా వి". అంతే. విచ్చేసి అని కొట్టబోయి ఆగిన చెయ్యి. ఆ 'వి' పక్కన గీత మెరుస్తుంది, ఇప్పుడే నీళ్లు తాగనీకె లేచిపోయిండు, వస్తడు అన్నట్టు.

నేను ఆ పేజీని ముట్టుకోలే. దాని మీద కొత్త పేజీ తెరుచుకోని నేర్చుకున్న. ఆయన పక్కన మంచం మీద కూసుండేటోడు. నేను తప్పు కొడితే ఎడమచేత్తోని మంచంపట్టె మీద కొట్టేటోడు. ఠప్. "తెలిసిందిలే, మంచం ఇరగ్గొడ్తవా" అనేదాన్ని. రోజూ పని అయినంక నా పేజీలన్నీ మూసి, ఆయన పేజీ ఒకసారి చూసి, పండబెట్టేదాన్ని. అట్ల ఏండ్లు గడిచినయి.

తర్వాత ఆ కంప్యూటర్ కూడ ముసలిదైంది. ఆటో లెక్క చప్పుడు చేసుడు షురూ చేసింది. మళ్ల కొత్తది తెచ్చినం. భాయ్ వచ్చి చూసి, "అప్పుడు నేనేసిన ప్రోగ్రాం దీంట్ల నడవది భాభీ. ఇప్పుడు ఇంకోటి వచ్చింది, ఫ్రీగనే దొరుకుతది. మీ లోపలి కంప్యూటర్‌ని దాంట్లకు మార్చాలె. ముందు దాన్ని సక్కగ బంద్ చెయ్యుండ్రి" అన్నడు.

నేను అడ్డం పోయిన. "బంద్ చెయ్యొద్దు భాయ్. పండుకున్నదాన్ని పండుకున్నట్టే తీస్కపో."

"అట్ల కాదు భాభీ."

"నువ్వు జర చూడు భాయ్. నీకు చాతనైతది."

కాదనలేక, పండుకున్నదాన్ని అట్లనే కాపీ కొట్టి కొత్త ప్రోగ్రాంల ఏసిండు. మొదలు అంత నల్లగైంది. తెల్ల అక్షరాలు గిర్రున పోయినయి. కరెంటు పోయొచ్చినప్పుడు బయటి కంప్యూటర్ చూపించినట్టు ఏదో పరీక్ష చేసుకుంటుంది. తర్వాత పాత తెర వచ్చింది. పేజీ లేదు. 'వి' లేదు, గీత లేదు. నేను ఆడ్నే కింద కూలబడి ఏడ్సిన.

"అయ్యో భాభీ, రోనా నక్కో, ఏడ్వకుండ్రి! కాపీ కొట్టిన, తీస్కరాలే. అసలుది పాతదాంట్ల అట్లనే పండుకోని ఉన్నది, చూడుండ్రి" అని పాత కంప్యూటర్ పెట్టి చూపించిండు. ఉన్నది. అప్పుడు మెల్లగ చెప్పిండు. సామానంత కొత్త ప్రోగ్రాంలకు పోతదంట. నిద్ర మాత్రం పోదంట. ఏ ప్రోగ్రాం పండబెట్టిందో ఆ ప్రోగ్రామే లేపాలె. ఇంకోదానికి ఆ నిద్ర సమజ్ కాదు.

"ఇల్లు మారేటప్పుడు మంచంతోని మనిషిని ఎత్తుకపోతమా భాభీ? లేపి తోలుకపోవాలె. మీ పేజీ ఫికర్ నక్కో, సేవ్ చేస్త. ఒక్క అక్షరం పోదు."

"అక్షరాలు పోవు భాయ్. మరి ఆ గీత? ఆయన చెయ్యి ఆగిన జాగ?"

పాత కంప్యూటర్ ఆటో లెక్క మోగుతనే ఉంది. ఇంకెన్ని దినాలు నడుస్తదో దానికే తెల్వది. అది ఆగిపోతె పేజీ పోతది, అక్షరాల ప్రోగ్రాం పోతది, మా తిండి పోతది. అన్నీ తెలుసు. అయినా నా నోటికెళ్లి సరే అని వస్తలేదు.

ఠప్ అని మంచం చప్పుడైంది.

"ఓ... పిల్లా" అన్నడు మా ఆయన. "లేపు."

దేన్ని లేపాలె, ఆయన్నా, కంప్యూటర్‌నా అని నేను చూస్తున్న. రెండిటి దిక్కు ఏలు చూపించిండు. భాయ్, నేను చెరొక చెయ్యి పట్టి కుర్చీల కూసోబెట్టినం. "నేను చాయ్ తాగొస్త" అని భాయ్ బయటికి పోయిండు. చాయ్ అప్పుడే తాగిండు పాపం.

నేను లోపలిదాన్ని లేపిన. 'వి' పక్కన గీత మెరుస్తుంది. ఆయన ఎడమచెయ్యి ఒక్క ఏలుతోని ఎతుక్కుంట, ఎతుక్కుంట కొట్టబట్టిండు. చ్చే. సి. ఒక్కొక్క అక్షరానికి చెమట పడ్తుంది. మా ఆతిథ్యము అనేకాడ ఒత్తు తప్పు పడ్డది. ఊకుందామనుకున్న గాని నా చెయ్యి ఊకోలే. బల్ల మీద ఠప్‌మని కొట్టిన. ఆయన నా దిక్కు తిరిగి నవ్విండు. వంకర మూతితోని నవ్విన ఆ నవ్వు నాకు ఇప్పటికీ కండ్ల ముందరుంటది. తప్పు దిద్ది, వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన అనేదాంక కొట్టి, చుక్క పెట్టిండు.

"ఆపు" అన్నడు.

"నువ్వే ఆపు" అన్న. నా ఏలు పట్టుకోని, నా ఏలుతోనే పేజీ సేవ్ చేసి, బంద్ చేసే బటన్ నొక్కించిండు. తెర నల్లగైంది. అన్నేండ్లల్ల అది బంద్ అయ్యుడు అదే మొదలు.

భాయ్ వచ్చి మిగిలిన పని చేసిండు. నేను లోపలికి పోయి స్టవ్ మీద పాలు పెట్టిన. "ఏంది భాభీ, గృహప్రవేశమా" అన్నడు. "మరి ఇల్లు మారుతుందంటివి గదా" అన్న. పాలు పొంగేవరకు కొత్త ప్రోగ్రాంల మా లోపలి కంప్యూటర్ లేచింది. తెర మాత్రం అగ్గిపెట్టె అంత వచ్చింది. భాయ్ ఏదో ఏసి దాన్ని పెద్దగ చేసిండు. అక్షరాల ప్రోగ్రాం తెరిచి చూసిన. మా అక్షరాలే. ఆ కార్డు కూడ తెరిచిన. అంత ఉన్నది. గీత మాత్రం కింద లేదు, పైన మొదటి అక్షరం ముందర మెరుస్తుంది.

ముగ్గురం ఆ పాలల్ల చక్కెర ఏసుకోని తాగినం. ఆయన గిలాస నేనే పట్టుకున్న. తాగినంక ఆయన తెర దిక్కు గడ్డంతోని చూపి, "కొత్తది" అన్నడు. కొత్త పేజీ తెరిచిన.

ఆ దినం నుంచి మా దుకాణంల ఒక పద్ధతి పడ్డది. కార్డు అంత నేను కొడ్త. ఆఖరికి "విచ్చేసి" కాడికి రాంగనే లేచి కుర్చీ ఆయనకిస్త. ఆ లైను ఆయనదే. జల్దీ ఉన్నోళ్లు లొల్లి చేస్తరు. చాయ్ పోసి కూసోబెడ్త.

ఇది కూడ ఆ అక్షరాలతోనే కొట్టిన. ఆయన పక్కన మంచం మీద ఉన్నడు, శానా చోట్ల ఠప్ ఠప్ అన్నడు, దిద్దుకున్న. ఆయన కన్ను దాటిపోయిన తప్పులు ఇంకా ఉంటయి, అవి నాయి. మీరు మంచం కొట్టకుండనే జర మాఫ్ చెయ్యుండ్రి.