కిరసనాయిలుతో కడిగిన చక్రం

సైకిలు తొక్కేవాళ్ళంటే నాకు ఒకప్పుడు గౌరవం ఉండేది కాదు. కడపలో పన్నెండేళ్ళు సైకిలు షాపు నడిపినవాణ్ణి. గంట అద్దెకని తీసుకెళ్ళి, రిమ్ము ఎనిమిది వంకరలు చేసి తెచ్చి, "ముందే ఇట్ల ఉండె" అని బుకాయించేవాళ్ళను చూసి చూసి నా గౌరవమంతా ఆవిరైపోయింది. అది మళ్ళీ కలిగింది కువైట్‌లో, ఎనభైల మొదట్లో ఒక చలికాలంలో. కలిగించినవాడు లాత్వియా అనే దేశంవాడు. ఆయనకు నేను చేసిన అన్యాయం ఇంతవరకూ ఒక్క మనిషికే చెప్పాను.

నేను వెళ్ళింది ఇంటిపని వీసా మీద. వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. రుమైథియాలో మా కఫీల్ ఇల్లు. రోజూ నాలుగు కార్లు కడగాలి, ఖర్జూరం చెట్లకు నీళ్ళు పెట్టాలి, మామా, అంటే ఆ ఇంటావిడ, చెప్పిన సరుకులు తేవాలి. ఒకరోజు వాళ్ళ చిన్నబ్బాయి సైకిలు చక్రానికి బెండు తీస్తుంటే కఫీల్ చూశాడు. ఆయన ఒక స్పోర్ట్స్ క్లబ్బు కమిటీలో ఉన్నాడు. క్లబ్బు కుర్రాళ్ళకోసం రేసు సైకిళ్ళయితే కొన్నారుగానీ, వాటి చక్రాల పుల్లలు బిగించడం తెలిసిన మనిషి అక్కడ లేడు. మరుసటి రోజునుంచీ మధ్యాహ్నాలు నన్ను క్లబ్బులో దింపేవాడు. పేరుకు మెకానిక్కును, ఇఖామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితంలో, మాత్రం ఇంటి నౌకరునే. నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఖలాస్, టికెట్టు కొనిచ్చి పంపించేస్తానని మొదటిరోజే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు కానీ ఆయన నవ్వుతూ చెప్పినవన్నీ చేసేవాడు.

ఆ చలికాలం రష్యా జట్టొకటి రెండు వారాలు ఉండిపోవడానికి వచ్చింది. ఎనిమిదిమంది ఆటగాళ్ళు, ఎప్పుడూ నోట్‌బుక్కు చేతిలో పట్టుకుని తిరిగే ఒక మేనేజరు. చివరిరోజు మా క్లబ్బు కుర్రాళ్ళతో కలిపి పందెం. మాస్కోలో చదువుకొచ్చిన పాలస్తీనా గుమస్తా ఒకడు మా క్లబ్బులో ఉండేవాడు. అతనే వాళ్ళ మాటలు అరబీలోకి మార్చి చెప్పేవాడు.

ఆ ఎనిమిదిమందిలో ఒకాయనకు ముప్పై దాటాయి. సన్నటి మనిషి, పెద్ద చెవులు, పలచబడ్డ జుట్టు. మొదటిరోజు ఆయన సైకిలు అందుకుంటూ "రూసీ జైన్" అన్నాను, రష్యావాళ్ళు మంచోళ్ళని. ఆయన నవ్వలేదు. సుద్దముక్క తీసుకుని, నేను పనిచేసే క్లబ్బు స్టోరు నేల మీద సముద్రం గీశాడు, పక్కన చిన్న దేశం గీశాడు, దాని మీద వేలు పెట్టి "లాత్వియా" అన్నాడు. జట్టు రష్యాదే, తను మాత్రం కాదట. గుమస్తా ఆ మాట గొంతు తగ్గించి చెప్పాడు. ఆ బొమ్మను నేను వారం రోజులు ఊడవనివ్వలేదు.

అప్పట్నుంచి సాయంత్రం సైకిలు దించగానే స్టోరులో ఒక డబ్బా మీద కూర్చుని వాళ్ళ దేశపు సైకిలువాళ్ళ సంగతులు చెప్పేవాడు. పర్సులో ఒక ఫొటో ఉండేది. చెక్కతో కట్టిన వాలు ట్రాక్ మీద ఒకావిడ, హ్యాండిల్ మీదికి పూర్తిగా వంగి ఉంది. ఆయనకు పాఠం చెప్పిన గురువట. చాంపియన్ అయి, ఇద్దరు పిల్లల్ని కని, మళ్ళీ వచ్చి గెలిచిందట. తరవాత వానలో స్టాప్‌వాచీ పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడి పల్లెటూరి పిల్లలకు నేర్పిందట. ఇంకో ముసలాయన రోజూ ట్రాక్ దగ్గరికొచ్చి ఊరికే కూర్చునేవాడట. యుద్ధానికి ముందు వాళ్ళకు సొంత దేశముండేది, సొంత రంగుల బనియను ఉండేది. ముదురు ఎరుపు, మధ్యలో తెల్లపట్టీ. ముసలాయన అది తొడుక్కుని పందేలాడినవాడు. ఇప్పుడు దాన్ని తొడుక్కునే వీలు లేదు, అందుకని పెట్టె అడుగున దాచుకున్నాడు. తన సంగతేమిటని అడిగితే, చిన్నప్పుడు సముద్రపు ఎదురుగాలిలో పాలక్యాన్లు కట్టుకుని డెయిరీకి తొక్కేవాడినని, చలికాలం రోడ్లన్నీ మంచులో మునిగితే కాళ్ళకు చెక్కలు కట్టుకుని జారేవాడినని చెప్పాడు.

నాకు ఆగదు కదా, ఎన్ని పందేలు గెలిచావని అడిగేశాను. ఆయన ఆలోచించి మూడు వేళ్ళు చూపించాడు. పదేళ్ళుగా పందేలాడి మూడేనా అన్నాను. గుమస్తా నన్ను కసిరాడుగానీ ఆయన హాయిగా నవ్వాడు. జట్టులో ఆయన పని గెలవడం కాదట. ముందుపోయి గాలిని తను మోస్తే, వెనక దాక్కున్నవాడి కాళ్ళలో సత్తువ మిగులుతుంది. చివర్లో ఆ మిగిలిన సత్తువతో వెనకవాడు గెలుస్తాడు. మర్నాడు ఊరి బయట ఎడారిలో కబ్ద్ వైపు ప్రాక్టీసుకు వాళ్ళ వెనక పికప్‌లో వెళ్ళాను. దుమ్ముగాలి లేచినప్పుడల్లా ముందున్నది ఆయనే. మిగతా ఏడుగురూ ఆయన వీపు చాటున తల వంచుకుని తొక్కుతున్నారు. ఆరోజునుంచీ ఆయన సైకిలు వేరేవాళ్ళ సైకిళ్ళ మీద ఆనించనిచ్చేవాణ్ణి కాదు.

ఈ మూడు గెలుపుల మనిషికి ఒక్క కోరిక మిగిలింది. వేసవిలో దేశాలు దాటుకుంటూ రెండు వారాలు సాగే పెద్ద పందెం ఒకటుంది. పదేళ్ళలో ఒక్కసారి వెళ్ళాడు, రెండోరోజే పడి భుజం ఎముక విరిగింది. ఈసారి ఆ పందేనికి పోయేది ఎనిమిదిమందిలో ముగ్గురే. ఆ ముగ్గురూ కువైట్ పందెంలో తేలతారని మేనేజరు చెప్పాడు. మొదటి మూడులో ఉంటే వెళ్తాడు, లేకుంటే ఇంటికి వెళ్ళి పిల్లలకు నేర్పుకోవడమే. ఇంకో ఏడాది ఉంచేంత చిన్నవాడు కాదు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. రేసు సైకిలు టైరు మన టైరులాంటిది కాదు. ట్యూబును లోపలే పెట్టి కుట్టేస్తారు, అంచు తీగ ఉండదు. రిమ్ముకు జిగురుతో అంటిస్తారు. ఒక పూత పూసి ఆరబెట్టి, ఇంకో పూత పూసి, అంటించి ఒక రోజంతా కదపరు. వాళ్ళ జట్టులో ఎవరి టైరు వాళ్ళే అంటించుకోవాలి. పడితే తన చేతిపని వల్లే పడాలి. చక్రం పరాయిచేతికి ఇచ్చినవాణ్ణి పందెంలోకి దింపేది లేదని మేనేజరు రూలు. నాకది అవమానంగా తోచింది. పన్నెండేళ్ళ మెకానిక్కును, నా చేయి తగిలితే మైలా? పందేనికి ముందురోజు ఆయన వెంటపడి, కనీసం చక్రాలు కడిగిపెడతానని బతిమాలాను. అటూ ఇటూ చూసి, ముందు చక్రం, దాని స్పేరు చక్రం, వెనక చక్రం మూడూ నా చేతిలో పెట్టాడు. నన్ను నమ్మాడని నేలమీద నిలవలేకపోయాను.

కడపలో చక్రం కడగడమంటే ఒకటే, కిరసనాయిలు గుడ్డ. రిమ్ము అద్దంలా అయ్యేదాకా రుద్దాను. టైరు అంచుకీ రిమ్ముకీ మధ్య సందులో గుడ్డ దూర్చి మరీ రుద్దాను. క్లబ్బులో టీ కాచే జగిత్యాల అన్న గుమ్మం దగ్గర నిలబడి ఎగతాళి చేశాడు. "ఏంది భాయ్, కార్లు కడిగెటోనివి, ఇప్పుడు చక్రాలు సుత కడుగవడ్తివి. గా తెల్లాయన నిన్ను ఆల్ల దేశం తీస్కపోతడా?" నీ టీ మాడుతోంది చూసుకోమన్నాను. వెనక చక్రం దగ్గరికొచ్చేసరికి కఫీల్ కారు హారన్ వినిపించింది. దాన్ని పొడిగుడ్డతో తుడిచి వెళ్ళిపోయాను.

పందెం కబ్ద్ తోటల చుట్టూ రోడ్డు మీద. నాలుగు మూలల చుట్టు, అలాంటివి ఎనిమిది. పొద్దున పికప్‌లోంచి ఆయన ముందు చక్రం దించుతూ అలవాటుకొద్దీ టైరును బొటనవేలితో నొక్కాను. టైరు పక్కకు జరిగింది. వేలు వాసన చూసుకున్నాను, కిరసనాయిలు. జిగురును తినేసింది. స్పేరు చక్రం నొక్కాను, అదీ అంతే. కొత్తగా అంటించాలంటే ఒక రోజు కావాలి, పందేనికి ఉన్నది అరగంట.

గుమస్తాను పిలవలేదు. పిలిస్తే అందరికీ తెలుస్తుంది. ఆయన్ను పికప్ చాటుకు తీసుకెళ్ళి, ఆయన బొటనవేలు పట్టుకుని టైరు మీద పెట్టి నొక్కించాను. నా చేయి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. అర్థమైంది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇంకొకరి చక్రం అడిగితే మేనేజరుకు కారణం చెప్పాలి, చెబితే దింపడు. ఆయన తల తిప్పి, గుడారంలో కుర్చీలో కూర్చున్న మా యజమానిని చూసి "కఫీల్?" అన్నాడు. ఆ మాటా, ఒక్క ఫిర్యాదు వస్తే నన్ను పంపించేస్తాడన్న సంగతీ నా దగ్గరే తెలుసుకున్నాడు. అవునని తలూపాను. ఆయన చక్రం తీసుకుని తనే సైకిలుకు బిగించుకున్నాడు.

అతుకు ఊడిన టైరు తిన్నని దారిలో లోపలి గాలి బలం మీద నిలుస్తుంది. మూలలో వంగితేనే ఊడి వస్తుంది. అందుకని ఆయన మూల వచ్చినప్పుడల్లా నిటారుగా లేచి, ఉత్తరాలిచ్చే పోస్టుమాన్‌లా మెల్లగా తిరిగేవాడు. మిగతావాళ్ళు పది పదిహేను సైకిళ్ళ దూరం దూసుకుపోయేవాళ్ళు. తిన్నని దారిలోకి రాగానే ఆయన తల దించి ఒంటరిగా ఆ గాలిలో తొక్కి మళ్ళీ వాళ్ళను అందుకునేవాడు. అందుకున్నాడో లేదో ఇంకో మూల. క్లబ్బు కుర్రాళ్ళు రెండో చుట్టుకే చేతులెత్తేశారు, రష్యా జట్టులోనే ముగ్గురు వెనకబడిపోయారు. ఈయన మాత్రం పోవడం, అందుకోవడం, పోవడం, అందుకోవడం. మొత్తం ముప్పై రెండు మూలలు. ఒక్కోటి వచ్చినప్పుడల్లా నేను అల్లాను తలుచుకున్నాను. అంత గొప్పగా సైకిలు తొక్కిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అక్కడున్నవాళ్ళలో అది నాకొక్కడికే తెలుసు.

చివరి మూల దాటితే గీత వంద గజాలే. అక్కడ ఆయన నెమ్మదించలేదు. వంగాడు. ముందు టైరు కదిలినట్టుంది, చక్రం రోడ్డు అంచు ఇసుకదాకా పోయింది. పడలేదు. ఎలా నిలబెట్టాడో తెలియదు, లేచి తొక్కుతూ వచ్చాడు. మూడోవాడి తరవాత, ఒక్క చక్రం వెనక, నాలుగోవాడుగా గీత దాటాడు.

మేనేజరు అందరి ముందూ అరవడం మొదలుపెట్టాడు. గుమస్తా మా కమిటీవాళ్ళకు అరబీలో చెబుతున్నాడు. కాళ్ళలో అంత బలం పెట్టుకుని ప్రతి మూలలో బ్రేకు ఎందుకు పట్టావు, సైకిల్లో ఏమైనా లోపమా అని మేనేజరు అడుగుతున్నాడు. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. నుదుటి మీది దుమ్ము తుడుచుకుని ఏదో చిన్నగా అన్నాడు.

"భయమేసిందట. వయసైపోయిందట, మూలల దగ్గర భయమేసిందట," అని గుమస్తా చెప్పాడు.

మేనేజరు నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు. పడుచువాళ్ళు నేల చూపులు చూశారు. మా కఫీల్ జాలిగా నాలుక చప్పరించాడు. అప్పుడు నేను ముందుకు రావాలి. ఒక్క మాట చెప్పాలి. నేను వెనక్కి తిరిగి సైకిళ్ళు పికప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

మర్నాడు వాళ్ళు వెళ్ళేముందు ఆయన జిగురు సీసాతో స్టోరుకొచ్చాడు. ముందు చక్రం టైరు ఒక్క వేలితో ఊడబీకి, రిమ్ము గీకి, పూత ఎలా పూయాలో, ఎంత ఆరనివ్వాలో చూపించాడు. తరవాత బ్రష్షు నా చేతికిచ్చి, రెండో పూత నన్ను పూయమన్నాడు. నేను పూస్తుంటే కింద రిమ్ము పట్టుకున్నాడు. వాళ్ళ రూలు ప్రకారం ఆ చక్రం మీద నా చేయి పడకూడదు.

జట్టు బస్సు పోయాక టీ అన్న దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. అన్న గ్లాసు కింద పెట్టాడు.

"మరి నువ్వెందుకు జెప్పకపోతివి?"

"బయమేసిందన్నా. ఇఖామా పోతాదని బయమేసింది. బయపడింది ఆయన గాదు, నేను."

అన్న పొయ్యి మంట తగ్గించాడు. ఆ లాత్వియా మనిషి సంగతులన్నీ నేను రోజూ అన్నకు చెబుతూనే ఉండేవాణ్ణి.

"గాయిన పని గదేనాయె గద," అన్నాడు. "ముంగట వొయ్యి ఒకల కోసం గాలి తినుడు."

నా ఇఖామా ఇంకో ఆరేళ్ళు నడిచింది. ఆ వేసవి పెద్ద పందేనికి ఎవరు వెళ్ళారో, ఎవరు గెలిచారో గుమస్తాకు తెలిసే ఉంటుంది. అతన్ని అడిగే ముఖం నాకు లేకపోయింది.