అరిచే మిషను, అరవని మిషను

పోయిన నెల మిక్సీ బాగు చేయించుకుందామని చాందినీ మార్కెట్టుకి వెళ్ళాను. ఆ సందులో ఎప్పుడూ ఉండే సీసం కరిగిన వాసన, దాని మీద పక్క బండిలో మాడుతున్న ఆవనూనె వాసన, ఆ రెంటి మధ్యా ఒక దుకాణం గుమ్మానికి రెండు లోహం పసిగట్టే మిషన్లు వేలాడుతున్నాయి. ఒకటి ఎవరో వాడి అమ్మేసినది, ఒకటి ప్లాస్టిక్ తొడుగైనా తీయనిది. పాత నాణేలు వెతికే సరదా ఉన్నవాళ్ళు కొంటారట. నేను అటే చూస్తున్నానని కనిపెట్టి దుకాణదారు, దిదీ, పాతది చవకే గానీ పిచ్చిది, మేకుకీ అరుస్తుంది, కొత్తది తెలివైనది, చెత్తని వదిలేసి విలువైనదానికే అరుస్తుంది అని బెంగాలీలో బేరం మొదలెట్టాడు. ఏది చెత్తో దానికెవరు చెబుతారని అడిగాను. ఈ నాబు తిప్పి మీరే చెబుతారు అన్నాడు. మిక్సీ అక్కడే మర్చిపోయి బస్సెక్కేశాను.

నా చిన్నప్పుడు మేం ఉండేది గార్డెన్ రీచ్‌లో, రేవు వెనక కూలీల వరస ఇళ్ళలో, లైన్లు అనేవాళ్ళం. గోడలన్నిటి మీదా సుత్తీ కొడవలీ, తరచూ ఏదో ఒక బంద్, బంద్ నాడు నడిరోడ్డు మీద మా తొక్కుడుబిళ్ళ. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడల్లో బస్తాలు మోసిన మనుషులం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొట్లో బెంగాలీ, కోపమొస్తే మూడూ. చలి మొదలై ఖర్జూరపు బెల్లం కుండలు బజారులోకి దిగితే నాయనమ్మ దానితోనే అరిసెలు వండేది. ఆ బెల్లానికి పాకం సరిగా కుదిరేది కాదు, సగం విరిగిపోయేవి. సాపుగా వచ్చినవి చిన్నాన్నకి, విరిగినవి పిల్లలకి, మూకుడు అడుగున మాడినవి రమణమ్మ పిన్నికి. చిన్నాన్న భార్య ఆవిడ. పలాస దగ్గర పల్లె. పెళ్ళై నాలుగేళ్ళయినా పిల్లల్లేరు కనక మా ఇంటి న్యాయంలో ఆవిడ వంతు అది. ఆ మాడినదాన్ని కూడా తుంచి నాకు పెట్టేది, నేను తినేదాన్ని.

గంగలో పాటు మొదలై నీళ్ళు వెనక్కి తగ్గితే ఘాట్ కింద బురద బయటపడేది. స్నానాలవాళ్ళు గంగమ్మకి వేసిన పైసలూ రూపాయిలూ ఆ బురదలోనే ఉండేవి. వాటిని వెతకడం మా లైన్లలో కొందరికి పని తర్వాత పని. అందరికంటే పాతవాడు తవిటయ్య తాత. ఓడ గొలుసు పడి ఒక మోకాలు వంగదు. ఎప్పుడో పటాలంవాళ్ళు పారేసిన సామానులో కొన్న బరువైన ఇనప పెట్టె ఒకటి భుజాన, చేతిలో కర్ర, కర్ర చివర పళ్ళెమంత చక్రం, చెవులకి రబ్బరు ఊడిన గొట్టాలు. ఆ మిషను మేకుకీ అరిచేది, సోడామూతకీ అరిచేది, సిగరెట్టు పెట్టెలో మెరుపు కాగితానికీ అరిచేది. అరిచిన ప్రతిచోటా ఆయన కాలు చాపుకుని కూలబడి చేత్తో తవ్వేవాడు.

మాకు అంతకంటే వినోదం ఏం కావాలి? సోడామూతలు ఏరుకొచ్చి ఆయన నడిచే వరసలో పాతిపెట్టేవాళ్ళం. ఈ ఆట కనిపెట్టింది నేనే, ఇప్పుడు వేరేవాళ్ళ మీద తోయను. ఆయన కూలబడ్డప్పుడల్లా గట్టు మీద లెక్కపెట్టేవాళ్ళం, లేవలేక కర్ర పట్టుకుని మూలిగితే ఆ మూలుగుని అనుకరించేవాళ్ళం. నేనే దగ్గరికి వెళ్ళి, ఏమీ లేనిచోట ఎందుకు తవ్వుతావు తాతా అని జాలి నటిస్తూ అడిగాను. "ఏటీ నేదని తెలవాలన్నా తవ్వాల గదే గుంటా," అన్నాడు. ఆ మాట కూడా ఆయన గొంతుతోనే వారం రోజులు నవ్వుకున్నాం.

ఆ ఏడు దసరా ముందు చిన్నాన్న ఓడ సరంగు ఒకడి దగ్గర కొత్త మిషను కొన్నాడు. పసుపుపచ్చ డబ్బా, సన్నటి కర్ర, ఒక చేత్తో ఎత్తొచ్చు. చెత్తకి అరవకుండా నోరు నొక్కే నాబు దాని గొప్ప. కూడా ఒక ఇంగ్లీషు పుస్తకం. మిషనరీల ఇంగ్లీషు బడిలో చదివేదాన్ని ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే కనక నన్ను వెదురు మోడా మీద కూర్చోబెట్టి చదివించారు. నాబు ఎంత తిప్పితే ఏది వినబడదో వరసగా చెప్పుకొచ్చాను. చివర చిన్న అక్షరాల్లో ఒక మాటుంది: బాగా ఎక్కువ తిప్పితే చెత్తతో పాటు సన్నటి బంగారం కూడా వినబడకపోవచ్చు. చదివాను, అర్థమైంది. పైసలు ఏరేవాళ్ళకి బంగారం గొడవ ఎందుకని మింగేశాను. బయట తొక్కుడుబిళ్ళకి నా వంతు వచ్చేసింది మరి.

కొత్తొక వింత, పాతొక రోత. ఘాట్ మీద పెద్ద తర్కం నడిచింది: అన్నిటికీ అరిచేదాన్ని నమ్మాలా, ఏరి అరిచేదాన్ని నమ్మాలా? ఒక్క పాటు సమయంలో చిన్నాన్న టీ డబ్బా నిండా రూపాయిలు తెచ్చాక తర్కం ముగిసింది. తవిటయ్య తాత పెట్టెని డొక్కు అనడం మొదలెట్టారు, పెద్దవాళ్ళు కూడా. ఆ వారమే మేం పాతిన మూత ఒకటి ఆయన అరచేతిలో దిగింది. చెయ్యి బూరెలా పొంగింది. నాయనమ్మ పసుపు పంపించింది, మేం ఇంకో ఆట వెతుక్కున్నాం.

కాళీపూజ బొమ్మలు గంగలో కలిపిన మర్నాడో మూడోనాడో నాగులచవితి. మాకు పుట్ట దొరక్క ఘాట్ గోడలో ఎలక కన్నానికే పాలు పోసేవాళ్ళం, చిమ్మిలీ చలిమిడీ పెట్టేవాళ్ళం. ఆ ఎలకలు మా లైన్లలో అందరికంటే బలంగా ఉండేవి. ఆడవాళ్ళంతా తెల్లవారకముందే మునిగారు. పిన్ని గట్టెక్కి జుట్టు పిండుకుంటూ మెడ తడుముకుంది. పసుపుతాడు లేదు. నాని నాని తెగినట్టుంది, దానికి గుచ్చిన రెండు పుస్తెలూ పోయాయి, పుట్టింటిదీ అత్తింటిదీ. ఆవిడ మళ్ళీ నీళ్ళలోకి దిగి రెండు చేతులా దేవుతూనే ఉంది, నాయనమ్మ జుట్టు పట్టి పైకి లాగేదాకా.

ముందువారమే పిన్ని అన్న వచ్చి వెళ్ళాడు. వాడి జనపనార మిల్లు మూతపడి ఉంది. నాయనమ్మకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, అన్నకి ఇచ్చేసి గంగ మీద పెడుతోందంది. గంగలో పడుంటే మిషను చెబుతుంది అన్నాడు చిన్నాన్న. నీళ్ళు తగ్గాక లైన్లన్నీ గట్టు మీదికి వచ్చాయి. బురద నిండా కాళీ బొమ్మల నగల రాంగ్తా, అంటే జిగేలుమనే రేకు కాగితం. దానికి అడుగడుగునా మిషను అరుస్తుంటే చిన్నాన్నకి విసుగొచ్చి ఆపవే అన్నాడు. నాబు తిప్పింది నేను. మూడు మీదున్నదాన్ని ఎనిమిది దాకా తిప్పాను. ఆ తర్వాత రెండు గంటలు, పిన్ని మునిగిన మెట్టు చుట్టూ జానెడు జాగా వదలకుండా వెతికాడు. రూపాయిలకి అరిచింది, ఇంక దేనికీ అరవలేదు.

తవిటయ్య తాత చేతికి కట్టుతోనే పెట్టె మోసుకొచ్చాడు, తనూ ఒకసారి చూస్తానన్నాడు. నీ డొక్కుకి మేకులు తప్ప ఏం తెలుసు, మా ఇంటి పుస్తెలు ఊరంతా తవ్వాలా అని చిన్నాన్న మెట్ల మీంచే తిప్పి పంపేశాడు.

సాయంత్రం ఇద్దరు కులపెద్దలు మా గదిలో కూర్చున్నారు. పిన్ని రుబ్బురోలు పక్కన, తడి చీరలోనే. పొద్దుటి నుంచీ ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అప్పుడు ఆవిడకి నేను గుర్తొచ్చాను.

"గుంట సదివింది గదా. బంగారవుంటే ఆ మిషను అరుస్తాదో అరవదో పుస్తకంలో ఏటి రాసారో దాన్నడగండి," అంది.

అందరూ నావైపు తిరిగారు. నాకు పదేళ్ళు. నిజం చెబితే ఆ మాట దాచింది నేనే, నాబు తిప్పింది నేనే అని తేలుతుంది. చిన్నాన్న చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు, కానీ భయం ఒక్కటే కాదు. మొదటిసారి పెద్దలు నా మాట కోసం ఆగారు, అప్పుడు నేను చదివినదాంట్లో తప్పుందని చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"అరుస్తాదని రాసారు," అన్నాను.

పిన్ని నావంక చూసింది. కోపంగా కాదు, పాఠం వింటున్నట్టు చూసింది. మూడోరోజు ఆవిడని పుట్టింటికి పంపేస్తూ హౌరాలో రైలెక్కించారు. నాకు ఎవరు జడ వేస్తారని ఆ పొద్దున నేను ఏడ్చాను, అంతే, ఇంకెందుకూ కాదు.

పుష్యమాసంలో చిన్నాన్న మారుమనువు ఖాయమైంది. అదే వారం తవిటయ్య తాత, చెయ్యి మానాక మొదటిసారి బురదలోకి దిగినవాడు, మా గుమ్మంలోకి వచ్చి తుండుగుడ్డ విప్పాడు. ఒక పుస్తె. నాలుగు మేకులూ బోలెడు సోడామూతలూ తవ్వాక ఆ మెట్టు కిందే దొరికిందట. మధ్యలో చిన్న చుక్క ఉంది కనక అది పిన్ని పుట్టింటివారిది. ఆవిడకి కబురంపండి అన్నాడు. నాయనమ్మ పుస్తెని కొంగున ముడేసుకుని, అలాగే అంది. కబురు వెళ్ళలేదు. కంసాలి దాన్ని ఇంకాస్త బంగారంతో కరిగించి కొత్త పిన్నికి పుస్తెలు చేశాడు. ఆ పెళ్ళిలో నేను రెండు జతల గాజులు వేసుకుని తిరిగాను.

ఇప్పుడు ఆ ఘాట్ లేదు, మెట్ల మీదుగా గోడ కట్టేశారు. పైసలు వేసేవాళ్ళు లేరు, వేసినా ఏరేవాళ్ళు లేరు. తవిటయ్య తాత పోయాక ఆయన పెట్టెని పాత ఇనుములో తూకానికి ఇచ్చారు. లైన్ల పిల్లలు సాల్ట్ లేక్ ఆఫీసులకి వెళుతున్నారు, వాళ్ళకి పాటూ పోటూ ఏమిటో తెలియదు. చిన్నాన్నా కొత్త పిన్నీ మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు.

పోయిన ఏడాది వాళ్ళింట్లో ఒక పెళ్ళికి పలాస నుంచి దూరపు చుట్టం ఒకావిడ వచ్చింది. మాటల్లో రమణమ్మ కబురు చెప్పింది. జీడిపిక్కల షెడ్డులో పనిచేసి వేళ్ళు నల్లబడిపోయాయట, మళ్ళీ మనువాడలేదట, రెండేళ్ళ కిందట పోయిందట. పుస్తెల సంగతి ఎవరెత్తినా మా ఇంటిని ఒక్క మాట అనేది కాదట. "పుస్తకంలో అలగే రాసుందంట. సదువుకున్న గుంట, అబద్దవెందుకు సెప్తాది? నానే దార్లో ఎక్కడో పారేసుకునుంటాను అనీది పాపం," అంది ఆ చుట్టం.

కొత్త పిన్ని నా పక్కనే కూర్చుని తమలపాకులు తుడుస్తోంది, మెళ్ళో ఆ పుస్తెలే. అందరూ అయ్యో పాపం అన్నారు. నేనూ అన్నాను.