జగ్గమ్మ పడవెక్కిన రోజు

జమీందార్ల జీవితచరిత్రలు దళసరి కాగితం మీద అచ్చవుతాయి. ఏ కొండమీద ఏ పులిని కొట్టారో, మద్రాసు నుంచి వచ్చిన ఏ దొరకు ఏ తోటలో విందు చేశారో, విందులో ఎన్ని దీపాలు వెలిగాయో అన్నీ అందులో ఉంటాయి. అలాంటివి చేతికి దొరికినన్ని చదివాను. వాటిలో ఒక్క చోట కూడా ఎవరూ మనసారా నవ్వినట్టు లేదు.

గోపాలపురం జాలరిపేట జగ్గమ్మకు ఎవరూ చరిత్ర రాయరు. ఆమె పులిని కొట్టలేదు. బుట్టలో చేపలు పెట్టుకుని బరంపురం దాకా నడిచి, వీధివీధీ తిరిగి అమ్ముకుని వచ్చేది. అంతే. కాని ఒక్కరోజు మాత్రం ఆమె దొరలు చేసే పని చేసింది. చిలకసరస్సులో ఒక పడవను పొద్దుటినుంచి సాయంత్రం దాకా తన కోసమే మాట్లాడుకుని దీవులన్నీ తిరిగి వచ్చింది. రైలు టిక్కెట్ల దగ్గర చదువుకున్నవాడొకడు ఉండాలని నన్ను కూడా లాక్కెళ్ళారు కాబట్టి, ఇదంతా నేను కళ్ళతో చూసిందే.

మా పేటలో ఆడది పడవెక్కకూడదు. వల అల్లవచ్చు, చేప కోయవచ్చు, పడవ ఇసుకమీద ఉన్నప్పుడు దాని నీడలో కూచోవచ్చు. ఎక్కితే మాత్రం గంగమ్మకు కోపం. రంగం, అంటే బర్మా, వెళ్ళే ఓడల దగ్గరికి జనాన్ని చేరవేసేవి కూడా ఈ పడవలే. వాటిలో కూలీల పెళ్ళాలు ఎక్కుతారు, దొరసానులు కుర్చీలతో సహా ఎక్కుతారు. గంగమ్మ వాళ్ళనేమీ అనదు. ఆమె పట్టింపంతా మా ఆడవాళ్ళమీదనే.

జగ్గమ్మ మొగుడు తవిటయ్య తండేలు. పడవకు పెద్ద, వెనక చుక్కాని దగ్గర నిలబడేవాడు. ఆయన కూడా ఈ విషయంలో గంగమ్మ పక్షమే. ఊరందరి పెళ్ళాలనూ మోశావు గాని నీ పెళ్ళానికే చోటు లేకపోయిందని జగ్గమ్మ దెప్పినప్పుడల్లా ఆయన వల సర్దుకోవడానికి బయటికి పోయేవాడు.

పడవెక్కకూడని ఆడదానికి మరో పని ఉంది. ఇంకా చీకటుండగానే పడవ నీళ్ళలోకి దిగుతుంది. అది కెరటాలు దాటేదాకా పెళ్ళాం ఒడ్డున నిలబడాలి. మొగవాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడామె కనిపిస్తే ఆ రోజు క్షేమం. జగ్గమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ముసలమ్మ ఆమెకు ఎర్రకోక కట్టి, చీకట్లో కూడా ఈ రంగు తెలుస్తుందని చెప్పి, ఒడ్డున నిలబెట్టింది. అది మొదలు జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా, వాన కొడుతున్నా జగ్గమ్మ అక్కడ నిలబడుతూనే ఉంది. పడవ తిరిగొచ్చినప్పుడల్లా ఒకటే మాట అడిగేది.

“కనిపించినానా?”

“కనిపించకేటి” అనేవాడు తవిటయ్య.

మబ్బు పట్టిన రోజునా అదే జవాబు, మంచు కమ్మిన రోజునా అదే జవాబు. ఏళ్ళు గడిచేకొద్దీ జగ్గమ్మకు ఆ జవాబు మీద అనుమానం పుట్టింది. ఒక్కసారి తానే నీళ్ళమీదికి పోయి, అక్కడినుంచి ఒడ్డువైపు చూడాలి. ఒడ్డున నిలబడ్డ ఆడది కనిపిస్తుందా, లేదా? ఆమెకు కావలసింది అదొక్కటే.

దారి చూపింది కాసమ్మ. కాసమ్మ, మంగమ్మ ఇద్దరూ జగ్గమ్మతో కలిసి బరంపురం నడిచే బేరగత్తెలు. రంభ ఊరి దగ్గర చిలకసరస్సులో ఒడియా వాళ్ళు పడవలు బాడుగకు ఇస్తారనీ, ఆడవాళ్ళు కూడా ఎక్కుతారనీ కాసమ్మ ఎక్కడో విని వచ్చింది. పేటలో పెద్ద చర్చ జరిగింది. అది సముద్రం కాదు, సరస్సు. ఆ నీళ్ళకు వేరే అమ్మవారు ఉంది. పడవ మనది కాదు. ఇన్ని విన్నాక కాదనడానికి పెద్దలకు ఏమీ మిగల్లేదు. తవిటయ్య బాధ వేరు. తన పెళ్ళాం మొదటిసారి పడవెక్కడం పరాయివాడి పడవలోనా? ఆ పడవ మంచిదో కాదో తానే చూడాలని చివరికి ఆయన కూడా బయలుదేరాడు.

బరంపురంలో రైలెక్కాం. మంగమ్మ రంగం పోతున్నట్టు తయారైంది. కడుపులో తిప్పితే నాలుకమీద వేసుకోవడానికి చింతపండు తెచ్చింది, కెరటం లాగేస్తుందని నడుముకు తాడు కట్టుకుంది. బుట్టలో ఎండు నెత్తళ్ళున్నాయి. పడవవాడికి బాడుగ కింద అవే ఇస్తామని కబురు పంపారు, సముద్రపు ఎండుచేప అంటే వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆ వాసనకు నల్లకోట్లు వేసుకున్న గుమస్తాలు ముక్కు మూసుకుని వేరే పెట్టెలోకి పోయారు. ఛత్రపురంలో కచేరీ ఉద్యోగాలకు దిగవలసిన వాళ్ళంతా ఆ పెట్టెలో ఇరుక్కుని నిలబడ్డారు. మేము మాత్రం కాళ్ళు బారచాపుకుని కూచున్నాం. ముగ్గురు ఆడవాళ్ళూ చుట్టలు ముట్టించారు. మా ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. రెండు చేతులూ బుట్టమీద ఉన్నప్పుడు నిప్పు గాలికి ఎగరదు, బూడిద కళ్ళలో పడదు. మొగవాళ్ళ చుట్టలో రుచేముందని వాళ్ళ వాదం.

రంభ రేవులో పడవవాడు బంధు బెహరా మాకోసం కాచుకుని ఉన్నాడు. ఎప్పుడూ దొరలనూ జమీందారు చుట్టాలనూ తిప్పేవాడు. పడవ మాట్లాడుకున్న వాళ్ళు వీళ్ళేనని నమ్మడానికి అతనికి కాస్త సమయం పట్టింది. తవిటయ్య పడవ చుట్టూ తిరిగి, చెక్కల సందులు గోటితో గీకి చూసి, ఇది పడవ కాదు, పశువులు నీళ్ళు తాగే తొట్టి అని తేల్చాడు.

అప్పుడు జగ్గమ్మ మూటలోంచి ఎర్రకోక తీసింది. ఒకరు ఇది కట్టుకుని ఒడ్డున నిలబడాలని, లేకపోతే తాను వచ్చిన పనే జరగదని చెప్పింది. ఎవరూ ముందుకు రాలేదు. గవ్వలు వేస్తే కాసమ్మ వంతు వచ్చింది. పడవ సంగతి కనిపెట్టి తెచ్చినదాన్ని నేనైతే నన్నే దింపేస్తారా అని ఆమె అందరినీ తిట్టింది. తిడుతూనే ఎర్రకోక చుట్టుకుని రేవు రాతిమీద నిలబడింది.

జగ్గమ్మ కుడికాలు పడవలో పెట్టి కొంచెంసేపు అలాగే ఆగింది. గంగమ్మ ఏమీ అనలేదు. ఎడమకాలు కూడా పెట్టింది.

బెహరా గెడకర్రతో నెట్టాడు. ఆడవాళ్ళిద్దరూ పడవ అంచులు పట్టుకుని కెరటం కోసం కాచుకున్నారు. ఎంతసేపటికీ రాలేదు. కొంతదూరం పోగానే పడవ బురదలో కూచుంది. బెహరా కిందికి దిగితే నీళ్ళు అతని మోకాళ్ళ పైకి కూడా రాలేదు. మంగమ్మ నడుముకున్న తాడు విప్పి చింతపండు తినేసింది. తవిటయ్య మొదటిసారి నవ్వాడు.

జగ్గమ్మ మాత్రం ఒడ్డుమీదనుంచి కళ్ళు తిప్పలేదు. కాసమ్మ మొహం కనిపించినంతసేపు కనిపించింది. తరువాత ఎర్రకోక మాత్రం మిగిలింది. బెహరా పడవను బురదలోంచి తోసి తెరచాప ఎత్తాక ఆ ఎరుపు కూడా చెట్ల నలుపులో కలిసిపోయింది. మంగమ్మకూ కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

“మావా, నీకు కనిపిస్తన్నాదా?” అంది జగ్గమ్మ.

తవిటయ్య అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. “మీవి బజారు కళ్ళు. నావి సముద్రమ్మీద పెరిగిన కళ్ళు. అదిగో, నిలబడే ఉంది.”

జగ్గమ్మ మొహం వెలిగింది. ఇన్నేళ్ళ అనుమానం ఒక్క మాటతో పోయిందేమో, ఆ తరువాత ఆమె చిన్నపిల్లలా అయిపోయింది. పడవ ముందుభాగంలో కూచుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసింది. బరంపురం బాటంతా అరిగిన కాళ్ళు అవి. నడవకుండా, చప్పుడు లేకుండా, ఒళ్ళు తనంతట తాను ముందుకు పోవడం ఆమెకు పెద్ద విడ్డూరంగా ఉంది. బుట్ట నెత్తిమీద లేదు కదా అని రెండుసార్లు తడుముకుని చూసుకుంది.

నీళ్ళ మధ్య రాతిమీద ఒంటిగది ఇల్లొకటి ఉంది. దొరలు పొద్దుటి ఫలహారానికి అంతదూరం వస్తారని బెహరా చెప్పాడు. ఒడ్డున తింటే ఆకలి తీరదా అని మంగమ్మ అడిగింది. ఆ మాట దొరలనే అడగాలన్నాడు బెహరా. మరో దీవి మొత్తం పిట్టల రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చలికాలపు పిట్టలన్నీ ఒక్కసారి లేస్తే నీడ మా మీదుగా పాకింది. ఎదురుగా రొయ్యల పడవ ఒకటి వచ్చింది. ఆ రోజు చేప ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని పులిహోర కట్టుకొచ్చిన ఆడవాళ్ళు, ఆ రొయ్యలకు ఒడియాలో బేరం మొదలుపెట్టారు. సగానికి సగం దించాక, మాకొద్దులే పో అన్నారు. అంత ఆనందంగా వాళ్ళు బేరమాడడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఒక రాతిదీవి మీద దిగి అన్నాలు తిన్నాం. తింటూ జగ్గమ్మకు కాసమ్మ గుర్తొచ్చింది. ఎండలో నిలబెట్టి వచ్చాం, పులిహోర కూడా ఇవ్వలేదని బాధపడింది. నిజంగా ఇంకా నిలబడే ఉందా అని మొగుణ్ణి అడిగింది. కడుపు నిండిన తవిటయ్య ఉత్సాహంగా రాయెక్కి రంభ వైపు చూశాడు.

“ఉంది. ఎర్రగా అగుపిస్తన్నాది. సూడు, సెయ్యి కూడా ఊపుతన్నాది.”

“ఎవలు బావా సెయ్యూపుతన్నారు?”

మాట వెనకనుంచి వచ్చింది. దీవికి అవతలివైపున ఒక చిన్న పడవ ఆగి ఉంది. అందులో రొయ్యల బుట్టల మధ్య ఎర్రకోకతో కాసమ్మ కూచుని ఉంది. మా పడవ కనుమరుగు కాగానే, కనిపించని వాళ్ళకోసం నిలబడడమెందుకని ఆమె అప్పుడే అక్కడ ఎవరి పడవో ఎక్కేసింది. చెట్టుకొమ్మల్లా చేతులు చాపుకుని రాతిమీద నిలబడ్డ తవిటయ్య అలాగే ఉండిపోయాడు.

అందరూ జగ్గమ్మ వైపు చూశాం. ఆమె ఆకు మడిచి పక్కన పెట్టింది.

“ఎప్పుడూ కనిపించనేదా?” అంది, కోపం లేకుండా.

తవిటయ్య రాయి దిగి ఆమె పక్కన కూచున్నాడు. “రెండో కెరటం దాటితే ఒడ్డంతా ఒకటే గీత. మనిసేదో తాటిసెట్టేదో ఎవడికి తెలుస్తాది?”

“మరెందుకలాగ సెప్పినావు?”

“మొదటి దినం నువ్వడిగినావు. కొత్త పెళ్ళానివి, వానలో తడిసి నిలబడినావు. కనిపించనేదని ఎలాగ సెప్పమంటావు? ఒకసారి సెప్పినాక మార్సడానికి కుదరనేదు.” గోటితో రాయి గీకాడు. “సూసీవోణ్ణి మాత్రం. కనిపించవని తెలిసే ఎనక్కి తిరిగి సూసీవోణ్ణి. ఒక్కనాడు మాననేదు.”

జగ్గమ్మ పెదవులు బిగించింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పుస్తకాల్లో అయితే ఏడిచేది. కాని ఆమె పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, నవ్వు పగిలింది.

“ఓలమ్మ, ఇన్నేళ్ళూ నాను తాటిసెట్టునేటి!”

కాసమ్మ పడవలోనే వెనక్కి వాలిపోయింది. మంగమ్మకు పొలమారింది. బెహరా ఏమిటని అడిగితే ఒడియాలో చెప్పారు. అతను ఇంకా ఎక్కువ నవ్వి, తాను ఇంటికి పోయి పెళ్ళానికి ఏం చెప్పాలో ఇకనుంచి జాగ్రత్తగా ఆలోచించుకోవాలన్నాడు. చివరికి తవిటయ్య కూడా తలకు తువ్వాలు చుట్టుకుని, అందులో మొహం దాచుకుని నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో కాసమ్మకు ముందుభాగంలో చోటిచ్చారు. పొద్దు గుంకి నీళ్ళూ కొండలూ ఒకే బూడిదరంగుకు వచ్చాయి. చాలా దూరంగా ఎర్రటి చుక్క ఒకటి మెరిసింది. ఎవడో వలవేసేవాడు చుట్ట కాలుస్తున్నాడని తవిటయ్య అన్నాడు. ఈసారి అది అందరికీ కనిపించింది. మనిషి లేడు, పడవ లేదు, ఆ చుక్క మాత్రం ఉంది. జగ్గమ్మ దానివైపు చాలాసేపు చూసింది.

మళ్ళీ వేటకు పడవ నీళ్ళలోకి దిగిన రోజున చీకట్లో ఆడవాళ్ళంతా ఎప్పటిలా వరసగా నిలబడ్డారు. జగ్గమ్మ మాత్రం నిలబడలేదు. ఎర్రకోకా కట్టలేదు. చేపలబుట్టను ఇసుకలో బోర్లించి దానిమీద కూచుంది. పడవ మొదటి కెరటం ఎక్కగానే నోట్లోని చుట్ట తీసి, అటూ ఇటూ తిప్పి, మొగవాళ్ళలాగ నిప్పు బయటికి పెట్టుకుని గట్టిగా పీల్చింది. వెనకనుంచి వీచే నేలగాలికి నిప్పు ఎర్రగా రాజుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారు.

రెండో కెరటం దాటాక తవిటయ్య వెనక్కి తిరిగాడట. తిరిగినవాడు ముందుకు తిరగలేదట. తెడ్లు వేసేవాళ్ళు కేకలు వేస్తేగాని మూడో కెరటం సంగతి ఆయనకు గుర్తు రాలేదని తరువాత వాళ్ళు చెప్పుకున్నారు.

పడవ ఒడ్డుకు చేరినప్పుడు జగ్గమ్మ ఏమీ అడగలేదు. చేపలు బుట్టలోకి ఏరుకుంటోంది. ఆయనే దగ్గరికి వచ్చాడు.

“ఈ దినం కనిపించినావు.”

ఆమె తలెత్తలేదు. ఆ మాట ఎన్నిసార్లు విన్నదో.

“నిలబడనేదు నువ్వు” అన్నాడు తవిటయ్య. “కూసున్నావు. నిప్పు ఇసక్కి దగ్గిరగా అగుపించింది.”

జగ్గమ్మ చేతిలోని చేప జారి బుట్టలో పడింది. కొంగుతో మొహం తుడుచుకుని, అలాగ కాలిస్తే చుట్ట ఎండుగడ్డిలా ఉందని, ఈ మొగవాళ్ళు ఎలా బతుకుతున్నారో అని సణిగింది. బుట్ట నెత్తికెత్తుకుని బరంపురం దారి పట్టింది. నడకలో తేడా ఉందని కాసమ్మ వెనకనుంచి ఆటపట్టించింది.

ఇప్పుడు రోజూ అంతే. పడవ కెరటాలు దాటేదాకా జగ్గమ్మ చుట్ట నిప్పు బయటికి ఉంటుంది. దాటగానే లోపలికి పోతుంది.